ఐదేళ్ల గడువు

ఉద్దానం జీడితోటల్లో కూలిచేసి కొడుకును చదివించిన తల్లి ఉందనుకుందాం. కొడుకు అమెరికా పౌరుడయ్యాడు. డెబ్బయ్యేళ్ల తల్లిని శాశ్వత నివాసానికి తీసుకుపోయాడు. కవిటి, సోంపేటల కిడ్నీ జబ్బూ ఆమెతోపాటే పోయింది. అక్కడ వృద్ధులకున్న ప్రభుత్వ బీమా మెడికేర్‌లో చేరాలంటే ఆమె ముందు ఐదేళ్లు ఎడతెగక అక్కడే నివసించాలి. ఈ షరతు రాజ్యాంగసమ్మతమేనని 1976లో మాథ్యూస్–డియాజ్ వ్యాజ్యంలో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. జబ్బుకు గడువు తెలుసునా? ఈలోగా కంపెనీల బీమా కొనుక్కోవచ్చు. పాత జబ్బుందని కాదనడానికి 2010 చట్టం ఒప్పుకోదు. కాని పడుచువారికన్నా మూడురెట్ల దాకా ధర కట్టవచ్చు.

ఆమె ఆ దేశానికి ఏమిచ్చిందని అడుగుతారు. కొడుకునిచ్చింది! పురుడు, తిండి, బడి ఖర్చంతా ఉద్దానం పెట్టుకుంది; తయారైన పనివాడు వారికి దక్కాడు. అతని జీతం చేతికందకముందే మెడికేర్ పన్ను కోసుకుంటున్నారు. తల్లిని చూడడం కొడుకు ధర్మమని మన పెద్దమనుషులూ అంటారు. నిజమే. ఆ ధర్మాన్ని అడ్డుపెట్టుకుని సమాజం తన బాకీ ఎగవేయడం ఏ ధర్మమో మాత్రం చెప్పరు.

ఊళ్లోనే ఉండిపోతే 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి ఉంది. కొడుకు మాత్రం దగ్గరుండడు.