హన్నా కుట్టిన చిన్న అంగీ

చదువవలసిన వాక్యభాగములు: 1 సమూయేలు 2:18–26, లూకా 2:40–52



సమూయేలు పసివాడై షిలోహులో ఏలీయొద్ద పెరుగుచున్న దినములలో, హన్నా సంవత్సరమునకొకసారి పెనిమిటితోకూడ అక్కడికి వచ్చి, తాను కుట్టిన చిన్న అంగీ ఒకటి కుమారునికి ఇచ్చెడిది. ఈ సంగతి మనము త్వరగా చదివి దాటిపోవుదుము. తల్లులారా, కొంచెము నిలిచి ఆలోచించుడి. బిడ్డ ఎదుట లేడు, కొలత తీసికొనుటకు వీలు లేదు. నిరుటి అంగీ ఈ యేడు పట్టదు. చేతులు ఎంత సాగెనో, భుజములు ఎంత వెడల్పాయెనో మనస్సులోనే కొలుచుకొని ఆమె గుడ్డ కత్తిరింపవలెను. బిడ్డ దూరమున ఉన్నను అతని యెదుగుదలను ఆమె మరువలేదు.

మన బిడ్డలు మన కండ్లయెదుటనే ఉన్నారు. వారు ఎంత ఎదిగిరో మనలో ఎందరము కొలిచి చూచుచున్నాము?

మన ప్రభువు బాల్యమును గూర్చి వైద్యుడైన లూకా వ్రాసినది కొంచెమే. ఆ కొంచెములోనే ఆయన జ్ఞానమందు, వయస్సునందు, దేవుని దయయందు, మనుష్యుల దయయందు ఎదిగిన సంగతి తెలిపెను. మన బైబిలులో వయస్సు అని యున్నచోట గ్రీకు మాటకు శరీరపు పొడవు అను అర్థము కూడ కలదు. లోకరక్షకుడు ఒక్కసారిగా పెద్దవాడై దిగిరాలేదు. తల్లి పాలు త్రాగెను, తప్పటడుగులు వేసెను, మాటలు నేర్చెను. కాబట్టి పసిబిడ్డ యెదుగుదలను కనిపెట్టి చూచుట కూడ భక్తిగల పనియే.

మొదటిది శరీరము. బిడ్డ పుట్టినప్పటి బరువు సాధారణముగా అయిదారు నెలలకు రెండింతలు, ఏడాదికి మూడింతలు అగును. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే ఆహారము. మంచినీళ్లు కూడ అక్కరలేదు. పురిటిబిడ్డకు తేనె నాకించుట మానుడి. ఏడాదిలోపు బిడ్డకు అది హాని చేయవచ్చును. ఆరు నెలలు నిండినది మొదలు తల్లిపాలతోకూడ మెత్తని అన్నము, పప్పు, గ్రుడ్డు, ఆకుకూర, కొంచెము నెయ్యియో నూనెయో కలిపి దినమునకు పలుమారులు పెట్టవలెను. పలుచని గంజి కడుపు నింపును గాని బిడ్డను పెంచదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అయిదేండ్లలోపు పిల్లలలో వయస్సుకు తగిన పొడవు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది అని తేలెను. సుమారు ముగ్గురిలో ఒకరు! "మా వంశమే పొట్టి" అని చెప్పి వీరినందరిని దాటిపోకూడదు. చాలినంత తిండి లేకయు, మాటిమాటికి విరేచనములు, జ్వరములు తగిలియు ఎదుగుదల ఆగినవారు వీరిలో అనేకులు.

రెండవది జ్ఞానము. ఆరేండ్లు నిండుసరికి బిడ్డ మెదడు పెద్దవారి మెదడు పరిమాణములో నూటికి సుమారు 90 వంతులు పెరుగును. బడిలో వేసిన తరువాత బుద్ధి వచ్చునని మనము కనిపెట్టుకొని యుందుము. అప్పటికే పునాది పడియుండును. జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ పట్టణపు పేదవాడలలో, పొడవు ఎదగని 129 మంది పసిబిడ్డలను పరిశోధకులు రెండు సంవత్సరములు కనిపెట్టి చూచిరి. కొందరికి పాలపొడి ఇచ్చిరి. కొందరి యిండ్లకు వారమునకొకసారి ఆరోగ్య కార్యకర్త వెళ్లి, ఇంట చేసిన బొమ్మలతో బిడ్డను ఎట్లు ఆడించవలెనో, ఎట్లు మాటలాడించవలెనో తల్లికి చూపెను. కొందరికి రెండును దొరికెను. కొందరికి ఏదియు దొరకలేదు. 1991లో ఫలితము ప్రకటింపబడెను. పాలు పొందినవారును, ఆట పొందినవారును మెరుగుపడిరి. రెండును పొందినవారు వారికంటె ముందుకు వచ్చిరి. ఆ పిల్లలు ఇరువదిరెండేండ్ల వారైనప్పుడు విచారింపగా, ఆటలు, మాటలు పొందినవారు పొందనివారికంటె నూటికి 25 వంతులు ఎక్కువ సంపాదించుచుండిరని 2014లో వెల్లడియాయెను. మనుష్యునికి రొట్టె ఒక్కటే చాలదని మనకు ముందే చెప్పబడినది గదా; పసిబిడ్డ విషయములోను అంతే.

ఇందుకు డబ్బు అక్కరలేదు. చందమామను చూపి గోరుముద్దలు పెట్టుట, కొబ్బరి చిప్పలో గింజలు వేసి మ్రోగించుట, తాటిబుర్రల బండి చేసియిచ్చుట, స్నానము చేయించునప్పుడు కన్ను, ముక్కు, చెవి అని చెప్పుచుండుట చాలును. తండ్రులారా, ఇది ఆడువారి పని అని తప్పించుకొనకుడి. సెల్‌ఫోను బిడ్డ చేతికిచ్చి ఏడుపు మాన్పుట మాటలాడుట కాదు. బిడ్డ "ఊ" అన్నప్పుడు మరల "ఊ" అనుటకు మనిషి కావలెను.

మూడవది తోటివారితో మెలగుట. ఆరెనిమిది వారముల బిడ్డ మన ముఖము చూచి నవ్వును. ఎనిమిది, తొమ్మిది నెలలకు క్రొత్తవారిని చూచి ఏడ్చును. అది మొండితనము కాదు, తనవారెవరో తెలిసికొనెనని గురుతు. రెండేండ్లవాడు ఇతరుల ప్రక్కన ఆడుకొనును. వారితో కలిసి ఆడుకొనుట, పంచుకొనుట మెల్లగా నేర్చుకొనును. బూచివాని పేరు చెప్పి బెదరించినను, ఇంట త్రాగుడు, కొట్లాటలు ఉన్నను బిడ్డ నేర్చుకొనునది భయమే. ప్రభువు చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొని ఆశీర్వదించిన సంగతి మార్కు 10వ అధ్యాయములో చూడుడి. ఆయన ముందు వారిని ఎత్తుకొనెను.

ఇప్పుడు ఒక కఠినమైన మాట. రెండేండ్లు నిండినను ఒక్క మాటయైనను రాని బిడ్డ ఒక ఇంట ఉన్నాడనుకొనుడి. "మేనమామ పోలిక, వాడికీ ఆలస్యంగానే వచ్చినయ్" అని ఒకరు, "తల్లి ఏ పాపం చేసిందో" అని మరియొకరు అందురు. తల్లి సిగ్గుపడి బిడ్డను గుడికి తీసికొని వచ్చుట కూడ మానును. ఆ బిడ్డకు చెవులు వినబడుటలేదేమో ఎవరు చూచిరి? పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వానిదియు కాదు, తలిదండ్రులదియు కాదని ప్రభువు చెప్పిన సంగతి యోహాను 9లో ఉన్నది. ఆయన కొట్టివేసిన మాటను మన సంఘములో మరల లేవనెత్తకుడి.

ఏడాది నిండినను పిలిచిన వైపు తిరుగనియెడల, ఏడాదిన్నర దాటినను నడవనియెడల, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకనియెడల, వచ్చిన మాటలు పోయినయెడల ఆలస్యము చేయకుడి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఇట్టి పిల్లలను కనుగొనుటకే ఏర్పడినది. అంగన్‌వాడీలోనో, ఆశా కార్యకర్తతోనో చెప్పుడి, ఉచితముగా పరీక్షింతురు. ప్రార్థన చేయుడి, ప్రార్థన చేసి లేచి బిడ్డను చంకనెత్తుకొని బయలుదేరుడి.

మిరపకోతల కాలము వచ్చినప్పుడు చంటిబిడ్డను ఏడెనిమిదేండ్ల అక్కకు అప్పగించి తల్లిదండ్రులు పోవుదురు. అక్క బడి మానును. చంటివాడు సగమాకలితో నిద్రపోవును. ఒక్క పనితో ఇద్దరు బిడ్డల యెదుగుదల ఆగుచున్నది. లోయి, యునీకే అను అవ్వయు తల్లియు తిమోతికి విశ్వాసమందు మాదిరియైరి. మన సంఘములో లోయి వంటి నాయనమ్మలు, అమ్మమ్మలు లేరా? వంతులవారీగా ఇద్దరు పెద్దవారు ఆ చంటిబిడ్డలను అంగన్‌వాడీకి చేర్చి, మధ్యాహ్నము తెచ్చి కనిపెట్టుకొనియున్నయెడల ఆ అక్క బడికి పోవును. స్త్రీల సమాజమువారు ఈ మాసపు కూటములోనే దీనిని తీర్మానించుకొందురు గాక. ప్రతి తల్లియు నెలకొకసారి బిడ్డను తూకము వేయించి, కార్డులో గీత పైకి పోవుచున్నదో లేదో చూచుకొనునుగాక.

ప్రార్థన: తండ్రీ, నీ కుమారుని పసిబిడ్డగా మా మధ్యకు పంపితివి. నీవు మాకిచ్చిన బిడ్డల ఆకలిని, మాటను, భయమును గుర్తెరుగు కన్నులు మాకు దయచేయుము. ఆలస్యముగా ఎదుగు బిడ్డను, ఆ బిడ్డ తల్లిని మా సంఘము విడువకుండ కాపాడుము. ఆమేన్.