ఊడిగమా, సేవయా?

ఇంటి ఆడపిల్ల సహాయక నర్సు శిక్షణలో చేరుతానంటే మనవారిలో కొందరి ముఖం చిన్నబోతుంది. "ఇంత చదివించింది ఒకరి మలమూత్రాలు ఎత్తడానికా?" అన్న మాట పైకి రాకపోయినా, మనసులో ఉంటుంది. ఆ బాధను తేలికగా తీసివేయరాదు. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరింది మొదలు మన పూర్వులు చెరకుతోటలలో చేసినది ఊడిగమే. పని మానితే చట్టమే శిక్షించేది. మరి రోగి దేహాన్ని శుభ్రపరచుట కూడా ఊడిగమేనా?

ఆ శిక్షణలో ఏమి నేర్పుతారో చూడాలి. మన దేశంలో అది ఏడాది చదువు; పిమ్మట నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. పడకపై స్నానమనే ఒక్క పాఠం తీసుకుందాం. చేతులు కడుగుకొని, తెర వేసి, చేయబోయేది చెప్పి, రోగి అనుమతి అడగాలి. నీటి వేడి చూడాలి. కడుగుతున్న భాగం తప్ప తక్కిన ఒంటిని కప్పి ఉంచాలి. వీపున, మడమల వద్ద చర్మం ఎర్రబారితే పెద్ద నర్సుకు తెలపాలి. వీటన్నిటికన్న కష్టమైనది మరొకటి ఉన్నది. రోగి తన ముఖం తానే కడుగుకోగలిగితే, గుడ్డ అతని చేతికిచ్చి, ఎంత ఆలస్యమైనా ఓపికగా నిలిచి ఉండాలి.

మన ఇళ్లలో ఇలా జరగదు. ప్రేమకొద్దీ అవ్వకు ముద్ద కలిపి నోట పెడతాము. ఆమె చేయి ఇంకా ఆడుతున్నదేమో అడగము. (ఉపాధ్యాయులకూ ఈ జబ్బు ఉన్నది: పిల్లవాడు మాట వెదకుకొంటుండగానే అందించివేస్తారు.)

జీతం పుచ్చుకుంటే సేవ ఎట్లవుతుందని అడిగేవారున్నారు. జీతం లేని సేవ మన ఇళ్లలో చాలవరకు కోడళ్లపై పడింది. వద్దనే వీలు వారికీ లేకపోయింది. కనుక తేడా డబ్బులో లేదని నాకు తోస్తుంది.

గాంధీగారు డర్బన్‌లో ఉన్నప్పుడు ఒక చిన్న ధర్మాసుపత్రిలో రోజూ కొంతసేపు పనిచేశారు. రోగుల బాధ అడిగి తెలుసుకొని వైద్యునికి చెప్పటం, మందులివ్వటం ఆయన పని. ఆ రోగులలో తెలుగు కూలీలూ ఉండేవారని ఆత్మకథలో వ్రాశారు. బారిస్టరు చేసినందువల్ల ఆ పని గొప్పదయిందని నేననను. నా ఆలోచన ఆ కూలీవాని గురించి. తోటలో అతనిని ఆజ్ఞాపించేవారే గాని అడిగేవారు అరుదు. ఇక్కడ ఒకరు, నొప్పి ఎక్కడ అని అడిగి, జవాబు విన్నారు.

నేడు డర్బన్ ఆసుపత్రులలో మన పిల్లల ఎదుట పడకపై ఉన్నది తరచుగా జులూ ముసలమ్మ. అనుమతి అడగాలంటే ఆమె భాష కావాలి. సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే: అవ్వను తెలుగులో పిలవండి, ఆమెను 'గోగో' అని పిలవండి.