గబ్బిలం, గూడబాతు

గూడబాతు పక్షి. గబ్బిలం పక్షి కాదు, పిల్లను కని పాలిచ్చే జంతువు. ఒకటి పగలు చేపలు పడుతుంది, ఇంకొకటి రాత్రి పండ్లు వెతుక్కుంటుంది. బడిలో పోలిక ఇక్కడితో అయిపోతుంది. మనుషులు ఈ రెంటికీ కట్టిన వెల సంగతి పాఠంలో ఉండదు. మనం మాట్లాడుకోవలసింది అదే.

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. రెట్ట కలిసిన ఆ నీళ్లు పొలానికి బలమని చుట్టుపక్కల రైతులకు తెలుసు. 1976లో ప్రభుత్వం ఆ చోటును పక్షుల అభయారణ్యం చేసింది.

పండ్ల గబ్బిలం గతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఐదో షెడ్యూలు ఒకటి ఉండేది. కాకులు, ఎలుకలతో పాటు పండ్ల గబ్బిలాలను కూడా అందులో హానికర జంతువులుగా రాశారు. చంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంరక్షణ చట్టంలోనే ఈ మాట!

ఇప్పపూల తీపి కోసం రాత్రిపూట గబ్బిలాలు వాలతాయి. ఒంటికి అంటిన పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి. పండు తిని గింజను ఎక్కడో దూరంగా పడేస్తాయి. తెల్లారి మనం ఏరుకునే పువ్వు వెనక, గింజలాడించి తీసే నూనె వెనక ఆ రాత్రి పని ఉంది.

కాబట్టి గబ్బిలం కూడా ఉపయోగమే, కాపాడండి అని చాలామంది వాదిస్తారు. ఈ వాదం మనకు చాలదు. ఉపయోగమే కొలత అయితే మామిడితోట రైతు నష్టం కూడా లెక్కలోకి వస్తుంది. ఆ నష్టం అబద్ధం కాదు. చెట్టుకు వల కప్పుకుంటే అతన్ని ఎవరూ తప్పుపట్టరు. ఒక తోటలో పోయిన కాయలకు జాతి మొత్తాన్నీ పుట్టుకతోనే చీడ అనడం మాత్రం వేరే సంగతి.

ఆ మాట మన చెవికి కొత్త కాదు. 1871లో ఆంగ్లేయులు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. యెరుకలను అందులో చేర్చారు. బిడ్డ నడక నేర్వకముందే దొంగల జాబితాలోని తెగవాడయ్యాడు.

మనల్ని గబ్బిలంతో పోల్చడమేమిటని కొందరు నొచ్చుకోవచ్చు. జాషువా తన కావ్యంలో అంటరానివాడి మొర మోయడానికి హంసను పిలవలేదు, గబ్బిలాన్నే పిలిచాడు. గుడిలోకి దానికి అడ్డు లేదు, మనిషికి ఉంది.

1952లో నేరస్త తెగల చట్టం పోయింది. అలవాటు నేరస్తుల చట్టాలు మిగిలాయి. 2022 సవరణతో ఐదో షెడ్యూలు పట్టిక కూడా పోయింది. ఒక ప్రాంతంలో, కొంతకాలం పాటు రెండో షెడ్యూలులోని ఏ జంతువునైనా హానికరమని ప్రకటించే అధికారం మాత్రం కేంద్రం చేతిలోనే ఉంది. ఒక్క నోటిఫికేషన్ చాలు.