పాఠకుణ్ణి లెక్కపెట్టవచ్చునా?

మా కాలేజీలో చదివి బయటికి వెళ్ళిన యువతీయువకులు ఏడుగురు కలిసి ఒక పత్రిక పెట్టదలచారు. సాహిత్యం, సినిమా, నాటకం, రాజకీయాలు అందులో వుంటాయి. ఏ పార్టీ డబ్బూ ముట్టరు, ఏ కంపెనీ ప్రకటనా వేయరు. అచ్చు వేసే స్తోమత లేదు గనుక ఇంటర్నెట్‌లోనే నడుపుతారు. వెబ్‌సైటు ఎలా వుండాలో ఆలోచించడానికి నన్నూ పిలిచారు. నేను తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి. తప్పులు దిద్దడానికి పిలిచారు కాబోలుననుకుని వెళ్ళాను.

వెళ్ళి కూర్చున్నాక తెలిసింది, అక్కడ జరుగుతున్నది మన పాత చర్చే. వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా? వ్యాసాల్లో ఏం వుండాలన్న దానిలో వాళ్ళకు పేచీ లేదు. పేజీ ఎలా వుండాలన్నది మాత్రం డిజైను వ్యవహారమనీ, తెలిసిన కుర్రవాడెవరికైనా అప్పగిస్తే సరిపోతుందనీ సగంమంది అభిప్రాయం. మొదట నేనూ ఆ సగంలోనే వున్నాను.

ముందు బరువు సంగతి వచ్చింది. తెలుగులో అక్షరానికొకటి, గుణింతానికొకటి, ఒత్తుకొకటి చొప్పున ప్రతి సంకేతమూ 3 బైట్లు తీసుకుంటుంది. అయినా 2000 మాటల వ్యాసం రమారమి 50 కిలోబైట్లకు మించదు. సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫోటో రెండు మూడు వేల కిలోబైట్లు వుండవచ్చు. రోజుకింత డేటా అని కొలుచుకుని వాడుకునే విద్యార్థికి ఆ ఫోటో ఒక పన్ను. దీనిమీద పెద్ద వాదం జరగలేదు. ఫోటోలు తగ్గించారు. ఒత్తులు కింది పంక్తిలోని గుడులకు తగలకుండా వరుసల నడుమ ఎడం పెంచారు. ఇంగ్లీషు అక్షరాల కొలతలు మన లిపికి తొడిగితే జరిగే అన్యాయం ఇదే.

అక్షరాల దగ్గర కథ మలుపు తిరిగింది. శీర్షికలకు 'గిడుగు', వ్యాసాలకు 'మండలి' అనే ఫాంట్లు ఎన్నుకున్నారు. ఎవరైనా వాడుకోవచ్చునన్న షరతుతో గూగుల్ వాటిని ఉచితంగా ఇస్తున్నది. వాడుక భాష కోసం 1919లో 'తెలుగు' పత్రికను నడిపిన మనిషి పేరు మా పత్రిక నెత్తిన వుంటుందని నేను సంబరపడ్డాను. అప్పుడొక కుర్రవాడు చెప్పాడు: ఫాంటును గూగుల్ సర్వరు నుంచే తెప్పించుకుంటే, పాఠకుడు మన పేజీ తెరిచినప్పుడు అతని ఫోను గూగుల్‌ను ఆ ఫాంటు అడుగుతుంది, అడిగేటప్పుడు తన ఇంటర్నెట్ చిరునామా చెబుతుంది. పాఠకుడు వచ్చింది మా దగ్గరికి. కబురు వెళ్ళింది ఎక్కడికో. జర్మనీలోని మ్యూనిక్ కోర్టు 2022 జనవరిలో, సందర్శకుని అనుమతి లేకుండా ఇలా చిరునామా చేరవేయడం తప్పని చెప్పి, ఒక వెబ్‌సైటు యజమాని చేత అతనికి 100 యూరోలు ఇప్పించింది.

ఉచితమన్న మాట విన్నప్పుడు ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారని అడగడం మనం విద్యార్థులకు నేర్పే మొదటి పాఠం. ఆ పాఠం నాకే గుర్తు రాలేదు. ఫాంటు ఫైలును వాళ్ళు తమ సర్వరులోనే పెట్టుకున్నారు. పది నిమిషాల పని.

అసలు తగాదా లెక్కల మీద వచ్చింది. ఏ వ్యాసాన్ని ఎంతమంది తెరిచారు, ఏ ఊరినుంచి, ఏ ఫోనుతో, ఎన్ని నిమిషాలు చూశారు, ఎక్కడ వదిలేశారు – ఇవన్నీ తెలిపే సాధనాలున్నాయి. అవి పెట్టాలని గట్టిగా వాదించింది నేనే. ప్రజల కోసం రాస్తున్నామంటాం. ప్రజలు చదువుతున్నారో లేదో తెలుసుకోవద్దా? లెక్కకు భయపడడం పండితుల అహంకారం కాదా? ఇది తీసిపారేయదగిన వాదమని ఇప్పటికీ అనుకోను.

ఒకడన్నాడు: "సినిమా తగాదా మీద వేస్తే ఐదువేలమంది చూస్తారు సార్. చేనేత సహకార సంఘాల మీద వేస్తే డెబ్బైమంది. రెండో సంచికలో ఏం వేస్తాం?" సంపాదకుడికి గుండె వుంటే ఆ లెక్క అతన్ని లొంగదీయలేదని నేనన్నాను. అంటూనే నా మాట నేను నమ్మలేదు. వేరొక చోట వచ్చిన నా వ్యాసం కింద అంకె పెరిగిందేమోనని రాత్రి పన్నెండింటికి లేచి చూసుకున్నవాణ్ణి నేను.

అంతవరకు మాట్లాడని అమ్మాయి అప్పుడు మాట్లాడింది. "సార్, మీ క్లాసులో ఎవరు వింటున్నారో మీరు చూసేవారు. మీరు చూస్తున్నారని తెలిసి మేం కూర్చునేవాళ్ళం. లైబ్రరీలో మమ్మల్నెవరూ చూసేవాళ్ళు కారు. నేను చదువుకున్నది అక్కడ."

దీనికి నా దగ్గర సమాధానం లేకపోయింది. అచ్చుపత్రిక తన ప్రతులను లెక్కపెట్టుకుంటుందిగాని, పాఠకుని కళ్ళను లెక్కపెట్టదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పుస్తకాలనైతే వెతికి పట్టుకోవచ్చు. చదివిన మనిషి పేరు పుస్తకం చెప్పదు. మన పేజీ చెప్పగలదు. సర్కారు ఉద్యోగం చేసుకుంటూ పోలీసు కాల్పుల మీద వ్యాసం చదివేవాడు, తండ్రి ఫోనులో కులాంతర వివాహాల మీద చదివే పిల్ల – ఎవరు ఎక్కడ ఎంతసేపు ఆగారో మనం రాసి పెట్టుకుంటే, ఆ చిట్టా రేపు ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు. మన ఉద్దేశం మంచిదే కావచ్చు, చిట్టాకు ఉద్దేశాలుండవు.

చివరకు వ్యాసాల పక్కన అంకెలు వద్దన్నారు. నెల మొత్తానికి పేజీలు ఎన్నిసార్లు తెరిచారన్న ఒక్క లెక్కే, ఊరూ పేరూ లేకుండా. పాఠకులు ఉత్తరాలు రాయడానికి ఒక చిరునామా పెట్టారు. దీంతో స్వాతంత్ర్యం వచ్చేసిందని ఎవరూ గంతులేయనక్కరలేదు. 1874లో మొదలైన 'వివేకవర్ధిని' తొలుత మద్రాసులో అచ్చయ్యేది. వేళకు రావడం లేదని కందుకూరి వీరేశలింగం మిత్రులతో కలిసి రాజమండ్రిలో ముద్రణాలయమే పెట్టాడు. వీళ్ళ సర్వరు మాత్రం ఒక కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్నదే. వెబ్ సాంకేతికతను 1993లో సెర్న్ సంస్థ అందరి సొత్తుగా వదిలిపెట్టింది. భూమి ఉమ్మడిదే, దానిమీద లేచిన ఇళ్ళకు మాత్రం అద్దె కడుతున్నాము.

పోయిన నెల అందులో నా వ్యాసం వచ్చింది. ఎంతమంది చదివారో తెలియదు. తెలుసుకోవాలన్న దురద పోలేదు, అబద్ధమెందుకు? రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి పొగడ్త. రెండోదానిలో, నేను చేనేత కూలిరేట్ల గురించి రాసిన పేరా తప్పని ఒక మగ్గం కార్మికుని కొడుకు లెక్కకట్టి చూపించాడు. అతనికి జవాబు రాస్తున్నాను. ఇంకా పూర్తి కాలేదు.