ఇక్కడివాళ్లు ఎవరు?

ఈమధ్య నా పూర్వ విద్యార్థి ఒకడు మంథని వచ్చాడు. అతను అమెరికా పౌరసత్వం తీసుకుని చాలా ఏళ్లయింది. పాత భారత పాస్‌పోర్టు ఎక్కడో పోయింది. తాను ఇక్కడే పుట్టి ఇక్కడే చదివినట్టు ధ్రువపత్రాలు దొరికితే ‘ఓవర్‌సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా’ కార్డుకు దరఖాస్తు పెట్టుకుంటాడట. ఇద్దరం బడికీ, తాసీల్దారు కచేరీకీ తిరిగాం. తిరిగి వస్తుంటే దారిలో అడిగాడు: “సార్, కాగితం చూపిస్తే తప్ప నేను ఇక్కడివాణ్నని మీరైనా ఒప్పుకోరా?”

నవ్వుతూనే అన్నాడు. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ఆ కార్డు పేరులో పౌరుడున్నాడు గాని లోపల లేడు. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. 2003లోనూ 2005లోనూ పౌరసత్వ చట్టాన్ని సవరించి తెచ్చిన ఈ హోదా నిజానికి జీవితకాలపు వీసా. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో దీన్ని ఆర్భాటంగా ప్రారంభించారు. కార్డున్నవాడు ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం కొనరాదు. ఓటు లేదు, చట్టసభలో చోటు లేదు. అర్హతకు మూలం ముత్తాత దాకా వెతకవచ్చు. 1947 ఆగస్టు 15 తరువాత దేశంలో కలిసిన ప్రాంతాలకు చెందినవారూ అర్హులేనని చట్టం విడిగా చెప్పింది. 1948 సెప్టెంబరు దాకా నైజాం ఏలుబడిలో ఉన్న మా మంథని ఆ వాక్యంలో ఇమిడిపోతుంది.

“ప్రజల సొమ్ముతో చదువుకుని డాలర్ల కోసం దేశాన్ని వదిలినవాడికి ఇంకా హక్కులేమిటి?” అనే జవాబు మనవాళ్లలో చాలామంది దగ్గర సిద్ధంగా ఉంటుంది. నా నాలుక చివరకూ వచ్చింది. ఆలోచిస్తే, అది మనం అనవలసిన మాట కాదు. శ్రమశక్తి తప్ప అమ్ముకునేందుకు ఏమీ లేనివాడు కొనేవాడున్న చోటికి పోతాడు. మనిషిని పుట్టిన నేలకు కట్టి ఉంచాలనేది దొర నీతి. వెట్టివాడు ఊరు దాటిపోవటాన్ని నేరంగా చూసింది అతనే. ఊరు విడవటం నేరమైతే ఈ కరీంనగరం ప్రాంతం నుంచి దుబాయికీ మస్కట్‌కీ పోయిన కూలీలంతా నేరస్థులే కావాలి. (వారికి ఈ కార్డు అవసరమే రాదు. అక్కడ ముప్పై ఏళ్లు గోడలు కట్టినా ఆ దేశాలు వారిని పౌరులుగా స్వీకరించవు గనక, వారు చచ్చేదాకా భారతీయులే. ఓటు కూడా ఉంది, ఊరికి వచ్చి వేస్తేనే.)

కాబట్టి కార్డు ఇవ్వటంలో నాకు పేచీ లేదు. పేచీ అంతా దానికి చెప్పే కారణంతోనే. కారణం మూలం అంటున్నారు. మంచిది. 1948 తరువాత హైదరాబాదు రాజ్యం నుంచి కరాచీకి పోయి స్థిరపడిన కుటుంబాలున్నాయి. అట్టి కుటుంబపు మనవడు ఈనాడు లండన్‌లో బ్రిటిష్ పౌరుడై ఉన్నా ఈ కార్డుకు తగడు. తాత పాకిస్తాను పౌరుడైతే చాలు, తలుపు మూసుకున్నట్టే. ఆ తాత పుట్టిందీ ఇక్కడే, ఆయన పెద్దల సమాధులున్నదీ ఇక్కడే. ఐనా మూలం తెగిపోయింది! అంటే పైకి చెప్పేది రక్తం, లోపల పనిచేసేది రాజ్యం ఇష్టాయిష్టాలు. 2021 మార్చి ప్రకటన చూడండి. కార్డున్నవాడు ఇక్కడ వ్యవసాయ భూమి కాని స్థిరాస్తి కొనటానికి ప్రవాస భారతీయుడితో సమానం. పరిశోధన చేయాలన్నా, పత్రికా రచన చేయాలన్నా ప్రత్యేక అనుమతి కావాలి. డబ్బు చుట్టమై వస్తుంది, ప్రశ్న పరాయిదై నిలబడుతుంది. 2025 ఆగస్టు నుంచి ఏడేళ్లు ఆపై శిక్ష పడదగిన నేరంలో అభియోగపత్రం దాఖలైనా కార్డు రద్దు చేయవచ్చు. నేరం రుజువు కానక్కర్లేదు. అట్లా లాగేసుకోగలిగినదాన్ని హక్కు అనలేం, దయ అనాలి.

ఇక మన అడవుల సంగతి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, ఊళ్లు తగలబడి, వేలాదిమంది గొత్తికోయలు ములుగు, భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లోకి నడిచి వచ్చారు. దేశం దాటలేదు, రాష్ట్రపు హద్దు దాటారు, అంతే. షెడ్యూల్డు తెగ హోదా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది గనక, అక్కడి ఆదివాసీ ఇక్కడ ఆదివాసీ కాడు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉన్నవారికే పట్టా అంటుంది. తెగ హోదా లేనివాడైతే అప్పటికే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిలో ఉన్నట్టు రుజువు చూపాలి. ఓవర్‌సీస్ కార్డు పథకం అమలులోకి వచ్చింది 2005 డిసెంబరు 2న. మధ్య పదకొండు రోజులు. మూడు తరాల కిందట దేశం విడిచిపోయినవారి మనవలకు రమ్మని పిలుపు. అడవిలో ఉన్నవాడికి మూడు తరాలు కదలకుండా ఉన్నట్టు చూపమని ఆజ్ఞ.

ఇద్దరిలో ఈ నేలతో ఎక్కువ పని ఉన్నది ఎవరికి? పోడు కొట్టి జొన్న చల్లుకునేవాడికి ఈ నేల తిండి. నా విద్యార్థికి జ్ఞాపకం. జ్ఞాపకం తక్కువదని నేననను; దాని కోసమే అతను అంత దూరం నుంచి వచ్చాడు. కాని జ్ఞాపకానికి చట్టంలో చోటు దొరికింది, ఆకలికి దొరకలేదు.

కాగితం చేతికి వచ్చిన రోజు ఇదంతా అతనికి చెప్పాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగాడు: “వాళ్ల ముత్తాతలు ఎక్కడివాళ్లు, సార్?”

గోదావరికి అటూ ఇటూ కోయలేనని చెప్పాను.