ముప్పై లవంగాల పాఠం

ఇంట్లోనే చదువు చెప్పుకునే అమ్మానాన్నలకు చరిత్ర దగ్గరే బెంగ: ఎక్కడ మొదలుపెట్టాలి? రాజుల వరసతో మాత్రం వద్దు. మోటుపల్లితో మొదలుపెట్టి చూడండి. ఇప్పుడది బాపట్ల జిల్లాలో, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారట. ఈయన 30లో ఒక వంతు సుంకం చాలన్నాడు.

పోపుల డబ్బాలోంచి 30 లవంగాలు తెచ్చి చాపమీద పొయ్యండి. తమ్ముడు రాజు, అక్క వర్తకురాలు. ఒక్కటి పుచ్చుకున్నాక వాడి కళ్లు మిగతా 29 మీదే ఉంటాయి. పాత రాజుల సంగతి అప్పుడు అడగండి, వాడే చెబుతాడు. లవంగాలు మాత్రం లెక్కపెట్టి డబ్బాలో పొయ్యండి. ఒకటి తగ్గే ఉంటుంది.