శుశ్రూష యనగా వినగోరుట

శుశ్రూష యను పదమును మనము నిత్యము వాడుచున్నాము. రోగికి శుశ్రూష, గురువునకు శుశ్రూష, తల్లిదండ్రులకు శుశ్రూష యనుచుందుము. సేవ యని దానికి అర్థము చెప్పుకొందుము. అది తప్పు కాదు. కాని వినుట యను అర్థము గల ‘శ్రు’ ధాతువుపై కోరికను తెలుపు ప్రత్యయము చేరగా ఆ పదము పుట్టినది. వినవలెనను కోరిక యని దాని మొదటి యర్థము. సేవ యను అర్థము దాని వెంట వచ్చినది. చేతులతో చేయు సేవకు ముందు చెవులతో చేయు సేవ యొకటి కలదని ఈ పదమే మనకు బోధించుచున్నది.

ప్రహ్లాదుడు తండ్రికి నవవిధభక్తులను చెప్పుచు శ్రవణమునే మొదట నిలిపెను. మనము ఆలయమున కూర్చుండి పురాణమును శ్రద్ధగా విందుము. మరునాడు కార్యాలయమునకో, అంగడికో, బడికో పోయి ఎదుటివాని మాటను సగములోనే త్రుంచుదుము. వినుట యను భక్తిని గుడి గడప యొద్దనే విడిచి వచ్చితిమి కాబోలు!

ఇతరులను అనుటకు ముందు నా యపరాధమును చెప్పుకొనుట న్యాయము. ఎల్లారెడ్డి ప్రాంతమున ఒక పాఠశాలలో నేను పండితుడనుగా పనిచేయు దినములలో, ప్రధానోపాధ్యాయుడు సెలవులో నుండగా కొన్నాళ్లు ఆ బాధ్యత నాపై పడినది. అచ్చటి నౌకరు వయసున నాకంటె పెద్దవాడు. వానాకాలపు తొలిదినములలో ఒకనాడు వచ్చి ‘సారూ, ఒక్క మాట’ అనెను. అంతకు ముందు రెండు నెలలు ఆతడు జీతములో కొంత ముందుగా అడిగియుండెను. ఇప్పుడును అందులకే వచ్చెనని తలచి, ‘నెల మొదటి దాక పైసలు దొరకవు’ అంటిని. మరునాడు మరల వచ్చెను. చేతిలో పని యున్నది, తరువాత చూతమంటిని. మూడవనాడు గుమ్మము దాక వచ్చి, నా ముఖము చూచి వెనుదిరిగెను.

ఆ రాత్రి కుండపోతగా వాన కురిసినది. ఉదయము బీరువాల గది తెరచి చూడగా కప్పు పెంకులు జారి, విద్యార్థుల పేర్లు వ్రాసిన రిజిస్టర్లు కొన్ని నీట నానియున్నవి. అక్షరములు కరిగి నీలి మరకలైనవి. ‘పెంకులు కదిలినయని చెప్పుదామనే వచ్చిన సారూ’ అని ఆతడు మెల్లగా అనెను. ఆ మాటలో కోపము లేదు. అదియే నన్ను ఎక్కువ బాధించినది.

కొన్నేండ్లకు ఆ బడిలో చదివిన యువకుడొకడు గల్ఫ్ దేశమునకు పోవుటకై పుట్టినతేదీ పత్రము కోరి వచ్చెను. అతని పేరున్న పుట చదువరానిదైనది. వేరు ఆధారముల కొరకు అతడు ఎల్లారెడ్డికిని కామారెడ్డికిని నడుమ బస్సులలో ఎన్ని మారులు తిరిగెనో! నేను వినని ఒక్క మాటకు వెల చెల్లించినవాడు అతడు, నేను కాను.

చిన్ననాట నేను చదివిన పాఠశాలలో గురువుగారు ఒకసారి పలుకగా మేము రెండుసార్లు పలుకవలెను. స్వరము తప్పినచో ‘నీ నోరు కాదు, నీ చెవి తప్పినది’ అనెడివారు. గురువు పలుకును అంత శ్రద్ధగా విన్న చెవియే నౌకరు పలుకును వినలేదు. పైవారి మాట వినుటలో భయమును ఆశయు కలిసియుండవచ్చును. క్రిందివారి మాట వినునప్పుడే మన శ్రవణము పరీక్షకు నిలుచును.

మన శాస్త్రకారులు బుద్ధికి ఎనిమిది గుణములు చెప్పిరి. శుశ్రూష, శ్రవణము, గ్రహణము, ధారణము, ఊహ, అపోహ, అర్థవిజ్ఞానము, తత్త్వజ్ఞానము అనునవి. వినగోరుట, వినుట, గ్రహించుట, మనసున నిలుపుకొనుట అను నాలుగును ముగిసిన పిమ్మటనే ఊహకు చోటు. నేను ఊహతో మొదలిడితిని. ఇక అపోహ యనగా నేడు లోకమున పొరపాటు తలంపని వాడుక; శాస్త్రమున మాత్రము తప్పు తలంపును త్రోసిపుచ్చుట యని అర్థము. ఆ శాస్త్రపు అపోహ లేనందుననే లోకపు అపోహలో పడితిని.

శ్రీమద్రామాయణమున విభీషణుని వృత్తాంతము చూడుడు. లంకలో అన్నకు హితము చెప్పి అవమానము పొందినవాడే సముద్రతీరమునకు వచ్చి శరణు కోరెను. వానిని నమ్మరాదని సుగ్రీవుడనెను. శ్రీరాముడు సర్వజ్ఞుడయ్యును తన నిర్ణయమును ముందుగా చెప్పలేదు. అంగదుడు, శరభుడు, జాంబవంతుడు, మైందుడు, హనుమంతుడు తమ తమ మాటలు చెప్పువరకు వినెను. పిదపనే అభయమిచ్చెను. విభీషణుని తోడ్కొని రమ్మని కాదన్న సుగ్రీవునికే చెప్పెను. తన మాట పూర్తిగా వినబడిన వాడు, అది చెల్లకపోయినను విరోధి కాడు. ఒకే విభీషణుడు, వినని సభ నశించినది, వినిన సభ గెలిచినది.

కార్యార్థులను ద్వారమున నిలిపియుంచరాదని కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజులను హెచ్చరించెను. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లాయైనది; ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజను. జిల్లా కార్యాలయములలో సోమవారము జరుగు ప్రజావాణికి పల్లెలనుండి జనులు అర్జీలు పట్టుకొని వచ్చుచుందురు. అర్జీని చేత పుచ్చుకొనుట ఒకటి, అర్జీదారుని మాట వినుట మరియొకటి. కాగితమున వ్రాయలేని బాధ ముఖమున కనబడును. ఆ బల్ల వెనుక కూర్చున్న ప్రతి ఉద్యోగియు ఆ క్షణమున శరణాగతుని యెదుట నున్నానని తలచినచో అది కార్యాలయమైనను కైంకర్యస్థానమే.

పిమ్మట ఆ నౌకరు వచ్చినపుడెల్ల కలము క్రింద పెట్టి, ఆతనిని కూర్చుండబెట్టి, చెప్పినది ముగియువరకు వింటిని. ‘నీవు చెప్పినది ఇదియే కదా’ యని మరల అడిగి సరిచూచుకొంటిని. ఆతడు నిజముగనే సొమ్ము కొరకు వచ్చిన దినములును కలవు; ఇవ్వలేని దినములును కలవు. అయినను విని కాదనుట వేరు, వినక కాదనుట వేరు. ఆ భేదము ఆతని ముఖముననే నాకు తెలిసినది.

గజేంద్రుని మొర విని పరుగున వచ్చిన శ్రీమన్నారాయణుడు మన యెదుటివారి మాట వినగల చెవిని మనకు ప్రసాదించుగాక!